డ్యూటీ దిగాక మిగిలే వెలుగు

మూడు ఉత్తరాలొచ్చాయి, మూడు ఊళ్ళ నుంచి.
హామిల్టన్‌లో నా అద్దెగది వంటబల్ల మీద
వాటిని ఉప్పుసీసా కింద పెట్టి
నెల్లాళ్ళుగా చుట్టూ తిరుగుతున్నాను,
కాలుగాలిన పిల్లిలా.

నెల్సన్‌లో ఎండ మెండు,
అద్దెకే సగం జీతం.
ఇన్వర్‌కార్గిల్‌లో ఇల్లే కొనుక్కోవచ్చు,
వేసవిలో రాత్రి పదింటికి కూడా
ఆకాశం దీపం ఆర్పదు.
మూడోది పడమటి తీరం, పదకొండు మంచాల ఆస్పత్రి,
పటంలో వేలిగోరు కింద దాక్కునే ఊరు.
అక్కడ వాన.
వాన గురించి ఎవరూ అబద్ధం చెప్పలేదు,
అదొక్కటే నచ్చింది.

మా అక్క ఫిలిప్పా అంటుంది:
"కొండల్ని చూసి ఉద్యోగం వెతుక్కునే మనిషిని
నిన్నే చూశాను.
నువ్వు నర్సువే తల్లీ, మేకవి కాదు."

నవ్వేశాను గానీ నా లెక్క నాకుంది.
కడిగి కడిగి తోలు పగిలిన చేతులతో
పన్నెండు గంటల తర్వాత బయటపడితే
కారు ఆపిన చోటు నుంచి
మొదటి చెట్టుకి ఎంత దూరం?
బూట్ల లేసులు కట్టుకున్నాక
ఎంత వెలుగు మిగులుతుంది?
ఉత్తరాల్లో ఇవి రాయరు.
సెలవులు, పింఛను, సామాను తరలించే ఖర్చు,
అంతే.

పధ్నాలుగో మంచం ట్రెంబత్‌ది.
నలభై ఏళ్ళు అడవిలో బాటలు కొట్టాడు.
వాగుల మీద తీగవంతెనలు బిగించిన చేతులు
ముక్కు దగ్గర గొట్టం సర్దుకోడానికే వణుకుతాయి.
ఎడమకాలి బొటనవేలికి గోరు లేదు.
"దాన్ని కాప్లండ్ లోయకిచ్చేశా" అంటాడు
చేబదులు తీర్చినంత తేలిగ్గా.

రాత్రి మూడింటికి బీపీ చూస్తూ అడిగాను:
"నువ్వైతే ఎక్కడికెళ్తావు?"
కొండ పేరో ఏటి పేరో చెబుతాడనుకున్నా.
ఊపిరి కూడదీసుకుని,
మాటకో మెట్టు ఎక్కుతూ,
"ఆ కిటికీ తియ్యి" అన్నాడు.

అది తెరుచుకోదు.
నాలుగో అంతస్తు, గోడలో బిగించేసిన అద్దం.
ఆ మాటే చెప్పాను.
"తెలుసు" అన్నాడు.
"తొమ్మిది రోజులైంది
ఒంటికి గాలన్నది తగిలి."

మంచం తలవైపు కాస్త ఎత్తి
కేసు ఫైలు అట్ట తీసుకుని
విసరడం మొదలుపెట్టాను.
కళ్ళు మూసుకున్నాడు.
అవతల పదహారో మంచం బెల్లు రెండుసార్లు మోగింది.
ఇంకాసేపు విసిరాను.
"పడమటి గాలి" అన్నాడు,
నన్ను సంతోషపెట్టడానికే.

బుధవారానికి
పధ్నాలుగో మంచంలో ఇంకెవరో ఉన్నారు.

గురువారం మూడు చోట్లకీ ఫోన్ చేశాను.
అడిగింది ఒక్కటే:
మీ వార్డు కిటికీలు తెరుచుకుంటాయా?
నెల్సన్‌లో ఆయన, ఏసీ బ్రహ్మాండంగా పనిచేస్తుందన్నాడు.
ఇన్వర్‌కార్గిల్ ఆవిడ కనుక్కుని చెబుతానంది,
పాపం చెప్పింది కూడా:
భద్రత కోసం నాలుగంగుళాలు.
పడమటి తీరం హెడ్ నర్సు మెరెఆనా
ఫోన్ పక్కకి పెట్టి మరీ నవ్వింది.
"తెరుచుకోకేం, మూసుకోవడమే కష్టం!
జల్లు కొడితే కింద బొచ్చె పెడతాం.
పోయిన వారం వెకా పిట్టొకటి లోపలికి దూరి
మిసెస్ డోబ్సన్ టోస్టు ఎత్తుకుపోయింది.
ఆవిడ మూడు రోజుల తర్వాత
మొదటిసారి లేచి కూర్చుంది,
దాన్ని తిట్టడానికి."

వెలుగు సంగతి అడగడం మరిచేపోయాను.
చెట్టు ఎంత దూరమో కూడా.
సంతకం చేసిన కాయితం మీద
ఉప్పుసీసా అడుగు గుండ్రంగా అచ్చుపడి ఉంది.

ఫిలిప్పా అడిగింది:
"అక్కడ బట్టలు ఆరతాయా?"
ఆరవట.
బూట్లయితే పొయ్యి పక్కన పెట్టినా
తెల్లారేసరికి తడితడిగానే ఉంటాయట.

రెండో జత కొన్నాను.