కుడి జేబులోంచి ఎడమ జేబులోకి

పైకప్పు మీంచి మంచు తోస్తూ జారాను.
ఎవరిల్లో కూడా గుర్తులేదు.
హెల్వె చెబుతుంది: పోస్టుమాస్టరుది, ఎర్ర రేకుల ఇల్లు,
కూలి డబ్బులు ఇంకా ఇవ్వలేదు, అని.

ముప్పై ఏళ్ళు హాప్సలు ఇళ్ళ నెత్తిన నడిచినవాణ్ణి.
ఇప్పుడు గడప దాటాలంటే
ముందు ఎడమ కాలికి కబురు పెట్టాలి.
అది వినిపించుకోదు.
మళ్ళీ పెట్టాలి.

ఆసుపత్రిలో నడక నేర్పే పిల్ల, మారెత్,
తలలో ఏం తెగిందో బొమ్మ గీసి చూపించలేదు.
"కాల్యు గారూ, మీ వీధి దారి మంచులో పూడిపోతే
ఏం చేస్తారు?" అంది.
తొక్కుతాం, అన్నాను.
"రోజూనా?"
రోజూ. ఒక్కపూట మానినా మళ్ళీ పూడుతుంది.
"మరింకేం," అని నా గుప్పిట్లో
ఇరవై మూడు గులకరాళ్ళు పోసింది.

గడ్డకట్టిన సముద్రం పక్కన
ఇరవై మూడు దీపస్తంభాలు.
స్తంభానికో రాయి
కుడి జేబులోంచి ఎడమ జేబులోకి వెయ్యాలి,
ఎడమ చేత్తోనే.
కుడి చెయ్యి చూస్తూ ఊరుకోవాలి.
దానికదే ఒక కసరత్తు.

మొదటి వారం మూడో స్తంభం దగ్గరే చీకటి పడింది.
రాయి జారి మంచులో పడితే
వంగడానికీ లేవడానికీ మధ్య
కప్పులో టీ చల్లారేంత సేపు.
ఫిబ్రవరికి ఏడు.
ఒకరోజు తొమ్మిది, మర్నాడు నాలుగు.
ఆ నాలుగు రోజున ఇంటికొచ్చి హెల్వె మీద అరిచాను,
ఉప్పు అడగబోయి "మేకు" అన్నాననీ,
ఆమె నవ్వకుండా మేకే తెచ్చి ఇచ్చిందనీ.

నడిచిన రాత్రి మాత్రం నిద్ర పట్టేది.
తలలో రంపం మోత కాస్త దూరం జరిగేది.
అది చాల్లే అనుకుని
పొద్దున్నే మళ్ళీ బూట్లు తొడుక్కునేవాణ్ణి.
తొడుక్కోవడానికి అరగంట.

నిన్న పొగమంచు.
యూహాన్ ఎదురొచ్చాడు, కుక్కతో.
పక్కపక్కనే నడుస్తూ మాటల్లో పడ్డాం,
చేపల ధర, మంచు ఎప్పుడు విరుగుతుందన్నదీ,
ఆ కుక్కకి ముసలితనం వచ్చిందన్నదీ.
ఇల్లు చేరాక ఎంత తడుముకున్నా
ఎన్ని స్తంభాలు దాటానో గుర్తు రాలేదు.
ఈ రోజు దండగైపోయింది అనుకుని
కోటు విప్పి కుర్చీ మీద పడేశాను.

కోటు ఎడమవైపుకు ఒరిగింది.

హెల్వె జేబు తీసి బల్ల మీద బోర్లించింది.
నేను లెక్కపెట్టలేదు, చప్పుడు విన్నాను.
పదహారు, అంది.
నేను చేపల గురించి మాట్లాడుతుంటే
ఎవరు వేశారు ఇవన్నీ?
ఎడమ చేతికేసి చూశాను.
బల్ల అంచున, ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంది,
చూపుడు వేలు గోరు కింద ఇంత ఇసక.

ఆమె రాళ్ళన్నీ తిరిగి కుడి జేబులో పోసింది.
చారు వడ్డించింది.
"ఉప్పు" అన్నాను.
ఈసారి సరిగ్గానే అన్నాను.
అలవాటు కొద్దీ మేకే తెచ్చింది.