మాలీసు పాఠం

గురువారం పదిన్నర. లిమరిక్ ఊరి చివర
రైలు పట్టాల అవతల రేకుల కొట్టం.
వాన పడుతోందని చెప్పక్కర్లేదు, నవంబరు.
ఏడుగురు పిల్లలు, ఏడు జతల వదులు బూట్లు,
నేను.

బడిలో వీళ్ళ పేరున ఒక ఫైలుంది.
టైగ్ కుర్చీ విసిరాడు.
నూలా మార్చి నుంచి మాట్లాడలేదు.
కహల్ అన్నిటికీ నవ్వుతాడు,
వాళ్ళ నాన్నని జీపెక్కించిన రోజు కూడా నవ్వాడు.
చదువు రాని డచెస్
తడి గడ్డి నములుతోంది.

ఒకప్పుడు బండి లాగేదట.
భుజం మీద కాడి ఒరిసిన చోట
వెంట్రుకలు తెల్లగా మొలిచాయి.
"అక్కడ మాత్రం అడిగి ముట్టుకోండి" అంది బ్రీజ్.
గుర్రాన్ని అడగడమేంటి?
టైగ్ విసురుగా వెళ్ళాడు.
అది తన్నలేదు, కరవలేదు,
రెండడుగులు పక్కకి జరిగింది.
వాడు మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ రెండడుగులు.
తిట్టకుండా వద్దనడం వాడికి కొత్త.
చేతులేం చెయ్యాలో తెలీక జేబుల్లో దోపుకున్నాడు.
కాసేపటికి అదే వచ్చి జేబు వాసన చూసింది.
(సగం బిస్కెట్టు. అంతకన్నా గొప్ప కారణమేం లేదు.)

అవతలి పక్క నూలా
అరచెయ్యి గాల్లో ఆపి
ఆ తెల్లమచ్చకి జానెడు దూరంలో
చాలాసేపట్నుంచి నిలబడే ఉంది.

ఇప్పుడు మిస్ వంతు అన్నారు పిల్లలు.
పాఠం చెప్పే గొంతుతోనే పిలిచాను,
"రా డచెస్, రా తల్లీ."
చెవులు వెనక్కి వాల్చేసింది.
నవ్వుమొహంతోనే ఉన్నాను, ఒట్టు.
పొద్దున ప్రిన్సిపాల్ గదిలో మింగిన మాటలు
పళ్ళ మధ్య ఇంకా నలుగుతున్నాయని
దానికెవరు చెప్పారు?

"మిస్."
ఎనిమిది నెలలు మూతబడ్డ గొంతు,
తలుపు బందుల్లా కిర్రుమంది.
నూలా. చేతిలో మాలీసు బ్రష్షు.
"దవడ వదలండి."

వదిలాను.
ఎప్పుడు బిగించానో నాకే గుర్తులేదు.
రేకుల మీద వాన చప్పుడు
అప్పుడే మొదలైనట్టు వినిపించింది.
డచెస్ గట్టిగా ముక్కు చీది
మళ్ళీ గడ్డిలో తల పెట్టింది. రాలేదు.
ఒక్క చెవి మాత్రం
నావైపు తిప్పి ఉంచింది.
"ఇవాళ్టికి చాలు" అంది బ్రీజ్.

బస్సులో కహల్ నవ్వలేదు.
కిటికీ ఆవిరి మీద ఏదో గీస్తూ కూచున్నాడు.
ఒళ్ళో రిపోర్టు కాగితం,
పురోగతి అన్న చోట ఖాళీ గడి.
"ఒక చెవి" అని రాసి
కొట్టేసి
మళ్ళీ రాశాను.