కందకం గీత

ముగ్గురు సిపాయిలు, ముగ్గురూ కళ్లారా చూశామంటారు.
ఒకడి ఉత్తరంలో కందకం నిండా నీళ్లు,
ఒకడి ఉత్తరంలో మోకాలిలోతు బురద,
మూడోవాడు అసలు దాన్ని దాటినట్టే రాయలేదు.

చెన్నరాయుడు గారు పాత పంచాంగం లెక్కలేసి
ఆ రాత్రి తిథి తేల్చారు.
వెన్నెల ఉంది. అంటే గోడ మీది కాపలావాడు
నిచ్చెనలు చూసే ఉండాలి.
పెన్సిల్‌తో ఒక చుక్క, పక్కన ప్రశ్నార్థకం.

ఎర్ర బాణం దండెత్తినవాళ్లది,
నీలి బాణం నిలబడ్డవాళ్లది.
పారిపోయినవాళ్లకి ఏ రంగు వేయాలంటే
చుక్కల గీత చాలన్నారు.

టేపు పట్టుకుని కె.ఆర్. మార్కెట్‌కి వెళ్లాం.
బురుజు ఉండాల్సిన చోట
యశవంతపుర బస్సు ఆగి ఉంది.
రెండో కొస కాస్త పట్టుకోమంటే
మల్లెలు మూరేస్తున్న మునెమ్మ నవ్వింది:
"కందకమా? నాకేం తెలుసు సామీ.
వానొస్తే మాత్రం నీళ్లు ఇదిగో, ఇక్కణ్ణుంచి
ఆ వెల్లుల్లి అంగడి దాకా నిలుస్తాయి.
మా అత్త కాలం నుంచీ అంతే,
ఎన్ని లారీల మట్టి పోసినా."

ఆయన అక్కడే, తడి గోనెసంచి మీద
మ్యాపు పరిచి
వంకరగా ఒక గీత గీశారు. ఈసారి పెన్నుతో.
ఆధారాల పట్టీలో ఉత్తరాల కింద
"వాననీరు, మునెమ్మ చెప్పగా" అని రాశారు.

తిరుగు బస్సులో అడిగాను,
స్కేలు ఎంత పెట్టమంటారని.
వినలేదాయన.
కిటికీ అవతల వాన పట్టుకుంది.
ఎవరో చెప్పులు చేతబట్టుకుని
కందకం దాటుతున్నారు.