కింది నుంచి పైకి

ఆ రాయిని కింది నుంచి పైకి చదవాలని
నాకెవరూ చెప్పలేదు.
హయత్‌నగర్ దాటాక, పంక్చర్ షాపు వెనక,
పాత టైర్ల గుట్టకు ఆనుకొని నిలబడి ఉంది.
ఖాజా భాయ్ దానిమీద తడి బనీను ఆరేసుకుంటాడు.
"ఫోటో దించుకో మేడమ్, ఆగు, బనీను తీస్తా" అన్నాడు.

మూడు గళ్ళు.
అడుగున ఒక మనిషి, ఎత్తిన కత్తి, నాలుగు ఆవులు,
కాళ్ళ దగ్గర పడిపోయి ఇంకో మనిషి.
నడిమి గడిలో ఇద్దరు ఆడవాళ్ళు
అతణ్ణి చెరో రెక్కా పట్టుకొని ఎత్తుకుపోతున్నారు.
పైన మళ్ళీ అతనే, కాళ్ళు మడుచుకొని,
సూర్యుడికీ చంద్రుడికీ మధ్య, తీరిగ్గా.

ఎనిమిది వందల ఏళ్ళ కింద ఎవరో
నా పుస్తకం నాకన్నా ముందే గీసేశాడు.
పేరు ఉండాల్సిన చోట సున్నం,
సున్నం మీద ఎన్నికల పోస్టరు జిగురు.

అతను చావడం మాత్రం ఎక్కడా లేదు.
మొదటి గడిలో బతికే ఉన్నాడు. రెండో గడిలో పోయాడు.
మధ్యన రెండు వేళ్ళ వెడల్పు రాతి గట్టు.
జరగాల్సిందంతా ఆ గట్టులోనే జరిగింది.
శిల్పి అక్కడ ఉలి దించి
అంబలి తాగడానికి పోయాడేమో.

నారాయణగూడలో, బైండింగు షాపు మీద, మా గది.
బొమ్మలు నావి, అక్షరాలు బాలనర్సువి.
ఫ్లెక్సీలు రాకముందు సగం కోఠి బోర్డులు ఆయన చేతివే,
ఇప్పుడు నా మనుషుల నోళ్ళ దగ్గర మాటలు రాస్తాడు.
"కత్తికి ఖణేల్ అని పెట్టినవ్. రాజుగారి కత్తా అది?
నాగలి కర్రు సాగగొట్టి చేసుకున్న కత్తి.
ఠప్పుమంటది, అంతే."
ఆవులు బెదిరితే దడదడ కాదట,
వానాకాలపు నేల కాబట్టి దుబుదుబు.
బాణానికి సర్రు. డాలుకు ధన్.
ఒక్కో చప్పుడుకు ఒక్కో లావు కుంచె తీస్తాడు.

ప్రచురణ ఆఫీసు నుంచి ఫోను:
"ఎనిమిదేళ్ళ పిల్లలండీ, నెత్తురు తగ్గించండి.
కాస్త పేరున్న వీరుడైతే బాగుండు."
నెత్తుటిని ఇటుక రంగులోకి మార్చాను.
పేరు, ఎవరి దగ్గర అప్పు తెచ్చి పెట్టను?

కింది వాటా నుజ్హత్, నాలుగో తరగతి,
కరెంటు పోతే మా కిటికీ వెలుతురుకి వస్తుంది.
ఇంకు ఆరని పేజీ మీద వేలు పెట్టి అడిగింది:
"ఈ పడిపోయినాయన ఎవరు?"
శత్రువు, అన్నాను.
"అది ఆయన పేరా?"

వేలిముద్ర పేజీ మీద మిగిలింది.
దాన్ని చెరిపే పనిలో
ఆ మొహాన్ని మొదటిసారి దగ్గర్నుంచి చూశాను.
ఆవుల కోసమే వచ్చాడు అతనూ.
అతని వైపు ఊళ్ళో ఎవరూ రాయి నిలబెట్టి ఉండరు,
ఓడిపోయిన ఊరికి రాళ్ళు మోసే ఓపిక ఎక్కడిది?

రాత్రి అతని నోటి దగ్గర ఒక బుడగ గీసి
బాలనర్సు ముందు పెట్టాను.
చాయ్ చల్లారిపోయి మీగడ కట్టింది.
"సున్న పెట్టు" అన్నాడు.
ముందు అక్షరం?
"అక్షరం ఉంటే మాటయితది. వీనికి అంత టైం లేదు."
అప్పుడు కనబడింది నాకు:
ఖాళీ బుడగే సున్న,
ఆనుకోడానికి ఏ అక్షరమూ లేని సున్న.
కుంచె కడిగేసి పడుకున్నాం.

పుస్తకం వచ్చింది. నాలుగు వందలు అమ్ముడుపోయాయి,
మిగతావి బైండింగు షాపులో నా మెట్లకింద ఉన్నాయి.
మొన్న చిక్కడపల్లి లైబ్రరీలో ఒక కాపీ దొరికింది.
అట్ట నలిగింది. వీరుడికి ఎవరో హెల్మెట్ గీశారు.
ఒక ఆవుకు కళ్ళజోడు.
పడిపోయినవాడి బుడగలో, పెన్సిలుతో,
గట్టిగా అదిమి రాసిన ఒక్క మాట:
దూపైతుంది.

లైబ్రరీ ఆవిడ "అయ్యో, ఈ పిల్లలు" అంటూ రబ్బరు వెతుకుతోంది.
పుస్తకం నా పేర రాయించుకొని తెచ్చేశాను.
బాలనర్సు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి
పేజీని మొహానికి ఆనించుకొని చూశాడు, చాలాసేపు.
"ఐత్వం వంకరపోయింది" అన్నాడు.
"పోనీ. నిలబడ్డది."