బతిమాలితే నడుస్తుంది

మక్వాలా గళ్ల నోటుబుక్కులో మూడు నిలువు వరుసలు:
నడుస్తుంది. నడవదు.
బతిమాలితే నడుస్తుంది.

మూడో వరుసే పొడుగు.

తిబిలిసిలో మార్చి. కరిగిన మంచు బురదై
ఎలియావా బజారంతా జారుడు.
కార్ల హెడ్‌లైట్లు, బాయిలర్ పంపులు దాటాక
ఎల్గూజా కొట్టు. అరటిపళ్ల పెట్టెల్లో మదర్‌బోర్డులు,
చేపలు పరిచినట్టు.
"ఇది సరికొత్తదమ్మా, నిన్ననే దిగింది."
కొత్తదైతే వద్దు, అంది.
ఆ కొట్లో ఆ మాట ఎవరూ అనలేదేమో,
ఎల్గూజా సిగరెట్టు నోట్లోంచి తీశాడు.

ఆమెకు కావలసింది మూడేళ్ల కిందటి బోర్డు,
ఫలానా నెట్‌వర్క్ చిప్పున్నది.
పక్కనే ఉన్న దాని తమ్ముడు పనికిరాడు;
ఒక్క అంకె తేడా. ముఖం అదే, గొంతు వేరు.
గ్రాఫిక్స్ కార్డు రెండు తరాల వెనకటిది కావాలి,
ఈ ఏటిదైతే తెర నల్లగా నిలబడుతుందట.
భూతద్దం పెట్టి చిప్పుల మీది అచ్చు చదివింది,
మందుసీసా మీద గడువు చూసుకున్నట్టు.

పవర్ సప్లైని మాత్రం చదవలేదు. చేత్తో ఎత్తి చూసింది.
తేలిగ్గా ఉంటే మోసమే,
పుచ్చకాయైనా ఇదైనా.

నేను పై అంతస్తులో అద్దెకుండేవాణ్ని,
సంచి మోయడానికి వచ్చాను.
మెట్రోలో ఉండబట్టలేక అడిగాను:
ఆ కంపెనీ వాళ్ల పెట్టే కొనేస్తే పోదా?
"ధరెంతో విన్నావా?"
మార్జనిష్విలి స్టేషన్ దాటేదాకా మళ్లీ నోరు విప్పలేదు.

అప్పుడు చెప్పింది.
స్టూడియో మూసేసిన రోజు
మూడు హార్డ్‌డిస్కులు కోటు లోపల పెట్టుకుని వచ్చేసిందట.
అందులోవి ఒక్క సాఫ్ట్‌వేర్‌లోనే తెరుచుకుంటాయి,
అది ఒక్క సిస్టమ్ మీదే బతుకుతుంది,
ఆ సిస్టమ్ తన పెట్టెలో తప్ప ఎక్కడా కాలు పెట్టనంటుంది,
ఆ పెట్టె కిందటి చలికాలం
కరెంటు ఎగిరి దిగిన రాత్రి మాడిపోయింది.

"ఇరవై రెండేళ్లు డబ్బింగ్ చేశాను.
బ్రెజిల్ పిల్ల ఏడిస్తే మన భాషలో నేనేడ్చాను.
నేనొకదాన్ని ఉన్నానని ఆ పిల్లకు తెలీదు.
అడిగి చేశామా ఏమన్నా?
పెదవులు కలిస్తే చాలు."

వంటింటి బల్ల, ఆయిల్ గుడ్డ,
జామ్ సాసర్లో మరలు.
ప్రాసెసర్ కూర్చోబెట్టేటప్పుడు ఊపిరి ఆపింది,
మైకు ముందు ఆపినట్టే.
నేను టార్చి పట్టుకున్నాను; కదిలిస్తే తిట్లు తిన్నాను.

మొదటి రాత్రి అక్షరాలు జలజలా కారి
ఒక గీత దగ్గర ఆగిపోయాయి.
రెండో రాత్రీ అదే గీత.
మూడో రాత్రి దాన్ని నోటుబుక్కులోకి ఎక్కించి
కింద రాసింది: ఇక్కడ అలిగింది.
నాలుగో రాత్రి ఒక మెమరీ కడ్డీ ఊడబీకి
పక్క గాడిలో పెట్టింది, అంతే.
ఎందుకో నాకు తెలీదు. ఆమెకూ తెలీదు.

తెర వెలిగింది.
'ఈ కంప్యూటర్ గురించి' అన్నచోట
అది కాని ఏదో ఖరీదైన పేరు చూపించింది.
మక్వాలా నవ్వింది:
"నా పేరు కూడా ఎన్నడూ తెర మీద వేయలేదులే."

శబ్దం మాత్రం రాలేదు.
పొద్దున్నే మళ్లీ ఎల్గూజా దగ్గరికి,
మూడు లారీలకు చిటికెనవేలంత సౌండ్ కార్డు.

మొదట తెరిచిన ఫైలులో సంభాషణ ఇంకా మొదలు కాలేదు.
కాగితం తిప్పిన చప్పుడు. ఎవరో గొంతు సవరించుకోవడం.
"బాద్రీ, కిటికీ మూయి, ట్రాం వస్తోంది."
ఆ ట్రాములు తీసేసి ఎన్నేళ్లయిందో.
అంతవరకే విని వెనక్కి తిప్పింది. మళ్లీ. మళ్లీ.
సంభాషణ దాకా వెళ్లనే లేదు.

అప్‌డేట్ వచ్చిందని మూలన ఒక చిన్న గంట మోగితే
నా చెయ్యి మీద ఒక్కటిచ్చింది,
నేనింకా ముట్టుకోకముందే.

నోటుబుక్కులో చివరి పంక్తి:
నిద్ర: నడవదు. పడుకుంటే లేవదు.

అందుకే రాత్రి రెండింటికి
నా మంచం కింద, ఆమె వంటింట్లో,
ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది.