ఎటు వైపు

టేపు ఒక కొస నేను పట్టుకున్నాను, రెండో కొస అబీలియో.
వ్యాను అడ్డంగా నూట డెబ్బై రెండు సెంటీమీటర్లు.
అబీలియో నిలువునా నూట డెబ్బై ఎనిమిది.
మళ్ళీ కొలిచాం.
రేకు సాగలేదు, మనిషి కుంగలేదు.

ముప్పై ఒక్క ఏళ్ళు ఈ బండి
ఎస్త్రెలా కొండల మీది పల్లెలకి రొట్టెలు మోసింది.
అరలు ఊడదీసి నాలుగుసార్లు కడిగినా
సందుల్లోంచి ఇంకా పిండి రాలుతూనే ఉంది.
తలుపు మీది బేకరీ పేరు గీకేశాం.
ఎండ ఏటవాలుగా పడితే మాత్రం
అక్షరాలు తేలతాయి.

కొవిల్యాలో, మూతబడ్డ ఉన్ని మిల్లు పక్కన, పరుపుల కొట్టు.
జెనొవేవా చేతిలో మూరెడు పొడుగు కత్తి.
ఫోమ్ చవకే, అంది.
కానీ రాత్రి మీరు వదిలిన ఊపిరి చల్లటి రేకుకి తగిలి నీళ్ళవుతుంది,
కిందకి జారి పరుపుకి బూజు పట్టిస్తుంది.
చెక్క పట్టీలు వేసుకోండి, అడుగున గాలి ఆడాలి.
స్ప్రింగులా? గతుకు వస్తే
మీకంటే ముందు అవే లేచి కూర్చుంటాయి.
లేటెక్స్ మంచిదే, రోజూ ఎత్తే నడుము ఉంటే.

అబీలియో మాట వినడం లేదు.
ఒక్కోదాన్నీ బొటనవేలితో నొక్కుతున్నాడు,
పిండి పొంగిందో లేదో చూసే నొక్కుడు.
గుంట టక్కున పూడితే
"ఇంకా కాలేదు" అంటాడు.
మెల్లగా పూడితే తలాడిస్తాడు.
అలా తలాడించింది ఒక్కదానికే:
లోపల కాస్త లేటెక్స్, పైన ఇక్కడి గొర్రెల ఉన్ని,
మా లెక్కకి తొంభై యూరోలు ఎక్కువ.

పడుకుని చూడండి, అంది జెనొవేవా.
చక్రం గూడు దగ్గర కాళ్ళ వైపు ఒక మూల కోసేయాలి.
ఎవరు ఎటు వైపు పడుకుంటారు?

బూట్లు విప్పుతూ ఆగిపోయాం.
ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం,
పేరు మర్చిపోయిన చుట్టాన్ని చూసినట్టు.

అతను రాత్రి పదింటికి బట్టీకి వెళ్ళేవాడు.
తెల్లారి బండి తిప్పి ఏడింటికి వచ్చేవాడు.
ఏడున్నరకి నా భుజాన తపాలా సంచి.
మా మంచం చల్లారిన రోజు లేదు.
నేను లేచిన గుంటలో అతను,
అతను లేచిన గుంటలో నేను.
నడిమధ్య ఒకటే గుంట,
అటూ ఇటూ కొన్ననాటి పరుపు అలాగే ఉండిపోయింది.
శనివారాలు ఉండేవి కదా అంటారేమో.
శనివారం రాత్రి అతనికి నిద్ర పట్టేది కాదు.
వంటింట్లో కూర్చుని
రేడియో గుసగుసగా పెట్టుకునేవాడు.

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు.
నా నిద్రకి అతను వదిలి వెళ్ళిన వేడి తెలుసు.
మోచేయి తెలియదు.

"మూలగా పడుకుంటే నాకు సరిపోతుంది" అన్నాడు.
సరిపోతుంది, నా చోటు పోతుంది.
"మోకాళ్ళు ముడుస్తానులే."
అతను ముడిస్తే వెనకాల నేనూ ముడవాలి.
అతను ఒత్తిగిలితే నేనూ ఒత్తిగిలాలి.
ఈ వయసులో కొత్తగా
ఒకరి నిద్రని ఒకరం కాపీ కొట్టాలి.

కొట్టు గోడ మీద పదకొండు.
నలభై ఏళ్ళుగా అది అతని అర్ధరాత్రి.
పక్కకి తిరిగాడు, చెయ్యి చెంప కింద పెట్టుకున్నాడు,
రెండో మాట లేదు.
నోరు కొంచెం తెరుచుకుంది.
కెటిల్ మరగబోయే ముందు చేసే చప్పుడు, అంతే.
దీన్ని గురక అనుకోవాలా?
నేను అంచున ఉన్నాను, ఒక కాలు ఇంకా నేల మీదే.

జెనొవేవా ఒక ట్యూబ్‌లైటు ఆర్పింది.
వీధిలో ఎవరో లారీని వెనక్కి తోయిస్తున్నారు,
రా, రా, ఆగు.
చాలాసేపటికి సుద్దముక్క పట్టుకుని వచ్చి
నా చెవి దగ్గర అడిగింది, ఏ మూల కోయను?

ఎడమ వైపు ఉంచండి, అన్నాను.
అతనిది ఎడమ.

మరి మీది?

నేనింకా పడుకోలేదుగా.