మూడుంబావుకు రాని కాగితం

నన్నడిగితే చెబుతాను బోర్నా,
ఫ్రేమ్‌వర్క్ అంటే
ఎవరో పడ్డ భయాలకు మనం కట్టే అద్దె.

మొదటిది నేర్చుకున్న రోజుల్లో
ఒక్క కంటైనర్ బరువు అడగడానికి
ఏడు ఫైళ్లు రాసేదాన్ని.
ఫ్యాక్టరీలను తయారుచేసే ఫ్యాక్టరీ,
దాని పేరు టైపు చేసేలోపు కాఫీ చల్లారేది.
ఎక్స్ఎంఎల్‌లో ఒక్క కొక్కెం జారితే
తెల్లారేదాకా సర్వర్ లేచేది కాదు.

తర్వాతది, అంతా నేనే చూసుకుంటానంది.
క్లాసు నెత్తిన ఒక బొట్టు పెట్టి ఊరుకోమంది.
ఊరుకున్నాను.
కూలిన రోజు చూస్తే
రెండొందల వరసల స్టాక్ ట్రేసులో
నాది ఒకే ఒక్క వరస,
పెళ్లి ఫొటోలో చివరన నిలబడ్డ పక్కింటావిడలా.

నువ్వేమో ముప్పై చిన్న సర్వీసులంటావు.
పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం నాకు తెలుసు.
ఇది ఒకే పిచ్చుకని
ముప్పై పంజరాల్లో పెట్టడం.

శుక్రవారం, పాత సర్వర్ ఆపే రాత్రి.
రియెకా రేవులో బూరా గాలి
పడవల తాళ్లన్నీ లాగి చూస్తోంది.
పద్దెనిమిదేళ్లు తిరిగిన ఫ్యాను
ఆగడానికి పదకొండు సెకన్లు పట్టింది.
నువ్వు చప్పట్లు కొట్టావు.
నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.
దాన్ని తిట్టినంతగా ఎవర్నీ తిట్టలేదు,
మా ఆయన్ని కూడా.

మూడున్నరకి ఫోను.
రెండో క్రేను మీంచి జ్వానె:
"కాగితం రాలేదు."
ఏ కాగితం?
"రోజూ మూడుంబావుకు వచ్చేదే.
ఇంత గాలికి ఎంత బరువు ఎత్తొచ్చో
ఉంటుందే, అది."

వెతికాం.
గోడ మీది డయాగ్రంలో లేదు,
నీ ముప్పైలో లేదు, నా ఏడులో లేదు.
పాత డిస్కులో ఓ మూల
నలభై వరసల షెల్ స్క్రిప్టు.
రాసినవాళ్ల పేరు లేదు.
ఏ సిద్ధాంతమూ లేదు.
గాలి చదివేది, గుణించేది,
ప్రింటరుకిచ్చి పడుకునేది.

దీన్ని దేంట్లోకి మార్చాలా అని
అప్పటికే నీ మొహంలో లెక్కలు.
నిజం చెప్పొద్దూ, నా మొహంలోనూ.

ఆ పట్టికని చేత్తోనే రాసి
రెండుసార్లు సరిచూసి
కోటు లోపల దాచుకుని
గాలికి అడ్డంగా వంగి రేవుదాకా నడిచాను.
జ్వానె దీపం కింద పట్టి చూసుకున్నాడు.

"ఈసారి అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి,"
అన్నాడు. "ఇకమీదట ఇలాగే పంపండి."